కొమ్మకు ఆనని కుండలు

తమ్ముడు హిన్నెర్క్‌కి, దేవుడు నిన్నూ తోటనూ కాయాలని కోరుతూ అక్క రాస్తున్నది.

తుంటి ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంకా నడవనివ్వడం లేదు. మంచం మీదే ప్రార్థన చేసుకుంటున్నాను గానీ మనసు ఆపిల్ చెట్ల దగ్గరే తిరుగుతోంది.

నిన్న నీ కూతురు వీబ్కె వచ్చింది. కొమ్మలకు పేనుబంక తెల్లగా దూదిలా పట్టిందనీ, ఈ శనివారం నువ్వు మందు కొట్టేస్తావనీ చెప్పింది. ఈ ఏడు మందు లేకుండా పండిద్దామని ఇద్దరం అనుకున్నాం కదా! అందుకేగా పేనుబంకను తినే పురుగులకు గూళ్లుగా చెట్లకు మట్టి కుండలు కట్టమన్నాను.

"నాన్న ఏమంటున్నాడో తెలుసా అత్తా? మీ అత్త పురుగులు కుండల్లో కాపురం పెట్టాయి గానీ పనిలోకి దిగట్లేదు అంటున్నాడు!"

నవ్వొచ్చింది. కుండలు ఎలా కట్టాడే అని అడిగాను.

"చర్చి గంటల్లా! అన్నీ ఒకే ఎత్తున, సన్న తీగలకి. గాలికి ఊగుతుంటే భలే ఉన్నాయిలే."

అప్పటినుంచి నాకు కుదురు లేదు.

అవి ఊగకూడదు హిన్నెర్క్. గడ్డి కుక్కి బోర్లించిన కుండ అంచు కొమ్మకు ఆనాలి. ఆ పట్టకారు తోక పురుగు చీకటి పడ్డాక కొమ్మ మీదికి నడిచి వెళ్లి పేనుబంకను తింటుంది. కంచె కింద నుంచి తెచ్చి దాన్ని గాల్లో ఖైదు చేశావు. ఇప్పుడు మందు కొడితే అదీ చస్తుంది. పై ఏడు మళ్లీ మందు డబ్బాయే గతి.

నీకు వరస తప్పితే నచ్చదని తెలుసు. ఈసారికి వంకరగా కట్టు. పై శనివారానికీ ఆ దూది తగ్గకపోతే నీ ఇష్టం, నేనేమీ అనను.

నీకోసం ప్రార్థిస్తూనే ఉన్నాను. కుండలు మాత్రం నువ్వే కట్టాలి.

అక్క