చెప్పకుండా రండి

ఇంటి ఓనరు బాబాయిగారికి,

ఫోన్లో చెబితే అత్తయ్య వింటారని ఇలా రాస్తున్నాను. మీరు చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ గోడ పొడిగా ఉండి, మీ ముందు నేను అబద్ధాలకోరునయ్యాను. అసలు సంగతేమిటంటే, మీరొస్తున్నారని తెలియగానే మా అత్తయ్య, "పెద్దమనిషి వస్తుంటే ఇల్లు ఇలాగేనా ఉండేది?" అంటూ కారిన నీళ్లు తుడిచేసి, ఫ్యాను పెట్టి గోడ ఆరబెట్టి, మరకకు అడ్డంగా బీరువా జరుపుతారు. వద్దంటే నామీదే కస్సుమంటారు.

పై వాటా బాత్రూం పైపు కారుతూనే ఉంది. ఇవాళ చెమ్మ స్విచ్‌బోర్డు దాకా దిగింది. భయమేసి కరెంటు మెయిన్ ఆపేశాను. ప్లంబరును వెంటబెట్టుకుని వెంటనే రండి, మీకు పుణ్యముంటుంది. వస్తున్నట్టు ఫోను మాత్రం చెయ్యకండి. తెలిసిందంటే, గోడ ఆరబెట్టాలని ఆవిడ మళ్లీ మెయిన్ వేస్తారు.

మీ కింది వాటా అమ్మాయి