నలభై ఒక్క రోజుల ఫ్యూజు దీక్ష

జూలై 6, ఆదివారం. ఉదయం 6.10

ఇవాళ్టి నుంచి నా కారు ఫ్యూజులు నేనే మార్చుకుంటాను. నలభై ఒక్క రోజులు మెకానిక్ గులాం రసూల్ షెడ్డు గడప తొక్కను. ఇది దీక్ష!

కారణం రాసి పెట్టుకోవాలి. కోపం చల్లారితే మరిచిపోతాను. నిన్న వానలో వైపర్లు ఆగిపోయాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, తడుస్తూ, జూలూరుపాడు సెంటరంతా చూస్తుండగా షెడ్డుకు చేరాను. రసూల్ భాయ్ స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి గోరంత ప్లాస్టిక్ ముక్క పీకాడు. ఇంకోటి గుచ్చాడు. వైపర్లు తిరిగాయి. మొత్తం ఒక్క నిమిషం!

"ఏంది భాస్కర్ సాబ్, గింత ఫీజు ముక్కకు గింతగనం తడిసినవా?" అని నవ్వాడు.

ఆయన నవ్వితే నవ్వాడు. పక్కన సుజన కూడా నవ్వింది. నా భార్య! ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో మండలమంతటికీ చెప్పే పురుగు మందుల షాపు ఉదయ్ భాస్కర్‌ని చూసి!

6.40

సుజనకు దీక్ష సంగతి చెప్పాను.

"షెడ్డుకు పోతే?" అంది.

"పోను."

"పోతే అంటున్న. పోతే కారు తాళం నాకియ్యాలె. బడికి నేనే నడుపుకుంట పోత."

సుజన ఏన్కూరు బడిలో టీచరు. లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది. రోజూ ఆటోలోనే వెళ్తుంది. కారు అడిగినప్పుడల్లా నేను ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. క్లచ్ గట్టిగా ఉంది. రోడ్డు బాగాలేదు. ఇవాళ అమావాస్య. సొంత డైరీలో నిజం రాయడానికి సిగ్గెందుకు? డ్రైవరు సీటు నాది. ఆవిడ నడుపుతుంటే నేను ఎడమ పక్కన చేతులు కట్టుకుని సెంటర్లోంచి పోవడమా? ఆ సీటు పోతే నేను బతకలేను. బతుకుతాను కానీ చాలా కష్టం.

"సై!" అన్నాను.

7.15

ఆన్‌లైన్లో ఆర్డరిచ్చినవి: ఫ్యూజుల డబ్బా (రంగురంగులవి), ఫ్యూజు పీకే చిమటా, టెస్టు లైటు, తలకు కట్టుకునే లైటు, నల్ల చేతి తొడుగులు. చేతి తొడుగులు అవసరం లేదట. వీడియోలో అతను వేసుకున్నాడు, బాగున్నాయి.

నేర్చుకున్నవి: ఇంజన్ ఆపాలి. తాళం తీయాలి. ఎంత ఆంపియర్ ఫ్యూజు పోతే అంతే వేయాలి. పది ఎరుపు, పదిహేను నీలం, ఇరవై పసుపు, ముప్పై ఆకుపచ్చ. ఇంతేనా? దీనికా రసూల్ భాయ్ అంత నవ్వింది?

జూలై 8, మంగళవారం. మధ్యాహ్నం

డబ్బా వచ్చింది! ఫ్యూజులు ఎక్కడున్నాయో దొరకలేదు.

బానెట్ కింద ఒక పెట్టె కనబడింది. రసూల్ భాయ్ చెయ్యి పెట్టిన రెండోది స్టీరింగ్ కింద ఎక్కడో ఉంది. షాపు ముందే కారు ఆపి, తల బ్రేకు పెడల్ కింద పెట్టి, కాళ్ళు తలుపులోంచి రోడ్డు మీదికి చాచి వెతుకుతున్నాను. పత్తి మందు కోసం వచ్చిన రైతులు కాళ్ళు మాత్రమే చూశారు.

"అయ్యో, సేటు పడిపోయిండు! జల్దీ దవాఖానాకు ఫోన్ కొట్టుండ్రి!"

ఒకాయన నా రెండు కాళ్ళూ పట్టి లాగాడు. సరిగ్గా అప్పుడే నా చెయ్యి మూతకు తగిలింది. నన్ను లాగుతుంటే మూత నాతో పాటే ఊడి వచ్చింది. దొరికింది! నుదుటి మీద చిన్న బొప్పి. ఫర్వాలేదు.

జూలై 10, గురువారం. సాయంత్రం 5.00

సాధన. ఫ్యూజులన్నీ పీకి, తెల్ల తువ్వాలు మీద రంగుల వారీగా పేర్చాను. ఎంత అందంగా ఉన్నాయో! ఎండకు పెట్టి చూస్తే ప్రతి దాని కడుపులో సన్నటి తీగ కనిపిస్తుంది. అది తెగితే ఫ్యూజు పోయినట్టు. ఫొటో తీసి బావమరిదికి పంపాను.

5.20

పీకే ముందు ఫొటో తీయాల్సింది.

6.05

అన్నీ గుచ్చేశాను. మూడు మిగిలాయి. కంపెనీవాళ్ళు రెండు మూడు ఎక్కువే ఇచ్చి ఉంటారు.

6.10

ఎడమ అద్దం దిగడం లేదు. బ్రేకు లైటు వెలగడం లేదు.

"మూడు మిగిలినయి అంటే మూడు పని చేస్తలేవని గదా?" అంది సుజన, వరండాలో కాపీలు దిద్దుతూ. "మూత ఎనక బొమ్మ ఉంటది చూడుండ్రి."

మూత వెనక నిజంగానే ఏ ఫ్యూజు ఎక్కడో బొమ్మ ఉంది. చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్లో పెద్దవి చేసి చదువుకుని, ఒక్కొక్కటీ సరిచూసుకుని పెట్టాను. అన్నీ పనిచేశాయి. బొమ్మ సంగతి నాకు ముందే తెలుసని చెప్పాను. ఆవిడ కాపీల్లోంచి తలెత్తలేదు.

జూలై 13, ఆదివారం. ఉదయం 8.30

భద్రాచలం ప్రయాణం. మా అత్తగారు పద్మావతమ్మ గారు కూసుమంచి నుంచి నిన్ననే వచ్చారు. కారులో ఆవిడకు కడుపులో తిప్పుతుంది, అందుకని ముందు సీటు, చేతిలో నిమ్మకాయ. సుజన వెనక. డబ్బా నా సీటు కింద.

10.15. పాల్వంచ దాటాక, అడవిలో, చెట్టు కింద

ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. సంతోషంతో!

అత్తగారు వంతెన మీద గోదావరిలో వేయడానికి రూపాయి బిళ్ళలు ఏరుకుంటున్నారు. పదకొండు వేయాలట. నేను పాటలు పెట్టుకుని నడుపుతున్నాను. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. పాటల డబ్బా యూఎస్‌బీకి పెట్టిన ఫోను చార్జింగూ ఆగిపోయింది. ఫ్యూజు పోయింది! నా మొదటి ఫ్యూజు!

బండి పక్కకు తీశాను. ఇంజన్ ఆపాను. తాళం తీశాను. తలకు లైటు కట్టాను.

"పొద్దుగాల పది గంటలకు లైటేంది అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు.

బొమ్మ చూశాను. పాటలకూ చార్జింగుకూ ఒకటే ఫ్యూజు, పదిహేను, నీలం. తీగ తెగి ఉంది. కొత్త నీలం గుచ్చాను. తాళం తిప్పాను. టప్!

రెండో నీలం. టప్!

డబ్బాలో నీలం రెండే ఇచ్చారు వెధవలు.

"రెండుసార్లు పోయిందంటే ఎక్కడనో ఏదో తాకుతున్నది. ముందు అది చూడుండ్రి," అంది సుజన.

"ఫ్యూజుల సంగతి నాకు చెప్పకు," అన్నాను.

నిజంగానే నాకు తెలుసు. మా చేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వైరు కట్టడం పన్నెండో ఏట నేర్చుకున్నాను. ఒక పోగు కడితే మోటారు వేయగానే కాలిపోయేది. మా నాన్న మూడు పోగులు మెలేసి కట్టేవాడు. పంట ఎండకుండా గట్టెక్కేది. మా వైపు ఏ రైతుని అడిగినా ఇదే చెబుతాడు. ఫ్యూజు పోతోందంటే అది బలం లేనిదని అర్థం.

ఆకుపచ్చ పెట్టాను. ముప్పై!

పోలేదు! పాట వచ్చింది! వెనక్కి తిరిగి సుజన వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి కోతుల్ని చూస్తోంది.

సాయంత్రం 4.00. భద్రాచలం, సత్రం గది

జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సారపాక దగ్గర అత్తగారు ముక్కు ఎగబీల్చారు. "ఏదో మాడుతున్న వాసనొస్తున్నది అల్లుడుగారూ."

"అడవిలో ఎవరో ఆకులు కాలుస్తున్నారు అత్తమ్మా."

"గింత వానకా?"

వంతెన మీదికి ఎక్కాం. కింద గోదావరి నిండుగా ఉంది. సగం దూరం పోయేసరికి గేరు ముందు నుంచి పొగ! నల్లగా! ఇంజన్ ఆపి, తాళం పీకి, ఇద్దరినీ దింపి, స్టీరింగ్ కింద దూరి ఆకుపచ్చ ఫ్యూజు లాగేశాను. వేళ్ళు కాలాయి. వెనక బస్సులు, లారీలు, ఒకటే హారన్లు.

అత్తగారు మాత్రం చల్లగా ఉన్నారు. "మంచిగ గోదారమ్మ మీదనే ఆగినం," అని కొంగు విప్పి బిళ్ళలు ఒక్కొక్కటీ నీళ్ళలో వేయడం మొదలుపెట్టారు. నేను చెమటలు కక్కుతున్నాను, ఆవిడ లెక్కపెడుతున్నారు. పది దగ్గర ఆగారు.

"ఇంకోటి ఉండాలె సుజనా. ఆఁ, గా గుంతల పెట్టిన."

"ఏ గుంతలమ్మా?"

"గేరు ముందల లేదా గుండ్రం గుంత? గల్లా లెక్క మూత గూడ ఉంది. జారకుంటదని అండ్ల ఏసిన. చిల్లరకే పెట్టిన్రనుకున్న."

చార్జర్ గుచ్చే గుంత, దానిదీ అదే ఫ్యూజు! కొత్త రూపాయి బిళ్ళ చిన్నది, సరిగ్గా దిగిపోయింది. అదే లోపల అటూ ఇటూ తాకి ఫ్యూజుల్ని చంపింది. సుజన నావైపు ఒక్కసారి చూసింది.

"తాళం తీసిన్రా? ఫీజు పీకిన్రా?" అని అడిగి, రెండూ తన కళ్ళతో చూసుకుని, ప్లాస్టిక్ దువ్వెన తోకతో బిళ్ళను పైకి తీసింది. చేతిరుమాలులో పట్టుకుని వాళ్ళమ్మకిచ్చింది. గోదావరికి పదకొండో రూపాయి వేడివేడిగా అందింది.

ఇది దీక్షా భంగం కాదు. తప్పు బిళ్ళది. కారు నడుస్తోంది. పాటలు లేకపోతే ఏం, చార్జింగ్ లేకపోతే ఏం? మన తాతలు ఎడ్లబండిలో చార్జింగ్ పెట్టుకున్నారా?

జూలై 14, సోమవారం. ఉదయం 9.00. జూలూరుపాడు

"మాడిన వైరు పక్కన మా అమ్మను కూసోబెట్టి కూసుమంచిదాంక నడుపుతరా?" అని అడిగింది సుజన.

నిన్న ఆ పొగలో ముసలావిడ దిగలేక కాసేపు డోరు పట్టుకుని తడబడింది. అది రాత్రంతా నా కళ్ళలోనే ఉంది.

11.20. షెడ్డు ఎదురుగా, రోడ్డు మీద

జాగ్రత్తగా ఆలోచించాను. నేను షెడ్డు గడప తొక్కనన్నాను. కారు తొక్కదని అనలేదు. తాళం రసూల్ భాయ్ చేతికిచ్చి నేను రోడ్డు మీదే నిలబడ్డాను. కారు లోపలికి పోయింది. దీక్ష బయట ఉంది.

"లోపలికి రా భాయ్, చాయ్ తాగు," అని పిలిచాడు.

"ఇక్కడే బాగుంది."

సుజన బడికి సెలవు పెట్టి మరీ వచ్చింది. టీకొట్టు బల్ల మీద కూర్చుని నా కాళ్ళ వంకే చూస్తోంది.

11.40

వాన మొదలయింది.

11.46

పెద్ద వాన. గొడుగు కారులో ఉంది.

11.52

ఉరిమింది. గడప తొక్కాను.

ఊరికే తొక్కలేదు, మూడడుగులు లోపలికి దూకాను. టీకొట్టులోంచి చప్పట్లు వినిపించాయి. ఒక్కావిడే కొట్టింది. ఊరంతా కొట్టినట్టుంది.

రసూల్ భాయ్ డాష్‌బోర్డు విప్పి, కరిగి అతుక్కుపోయిన వైర్లు బయటికి లాగాడు. ఈసారి నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ముప్పైది పెట్టినవా? నీలం పోయిన కాడ?"

"మా చేను దగ్గర మూడు పోగులు..."

"మోటార్లెన్ని కాలినయి మీ చేను కాడ?"

లెక్కపెట్టాను. నాలుగు.

"సాబ్, ఫీజు సచ్చి బండిని కాపాడ్తది. అది సచ్చిందంటే దాని పని అది చేసినట్టు. నువ్వు దాన్ని సావనియ్యలే. అందుకని వైరు సచ్చింది. ఇంకొంచెం ఆగితే..." అని, అత్తగారు కూర్చునే సీటు వైపు చూశాడు.

చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను.

జూలై 15, మంగళవారం. ఉదయం 8.20

తాళం ఇచ్చేశాను. క్లచ్ గట్టిగా ఉందని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే బండిని వెనక్కి తీసి, గేటు దాటించి, ఒక్క తిప్పులో రోడ్డెక్కించింది. నేను నాలుగు తిప్పుల్లో తీస్తాను.

ఎడమ పక్కన కూర్చున్నాను. సెంటరు రాగానే కిందకి వంగి చెప్పు సర్దుకున్నాను. అవసరానికి మించి సర్దుకున్నాను.

"లేవుండ్రి, సెంటర్ దాటినం," అంది.

ఎవరూ నన్ను చూడలేదు. అందరూ ఆవిణ్ణి చూసి చెయ్యి ఊపారట. రెండేళ్ళు ఆవిణ్ణి ఆటోల్లో తిప్పాను. సిగ్గేసింది. అయినా సీటు నాకు కావాలి. రెండూ నిజమే.

జూలై 16, బుధవారం. రాత్రి భోజనాలప్పుడు

బతిమాలాను. చివరికి ఒప్పుకుంది.

"సరే. ఈసారి ఏదైనా ఫీజు పోతే, ఎందుకు పోయిందో ముందు మీరే కనిపెట్టాలె. ఎంతది ఉంటే గంతదే ఎయ్యాలె. షెడ్డుకు పోవద్దు. గట్ల చేస్తే తాళం మీది. అప్పటిదాంక నాది."

"మాట?"

"మాట."

ఎగిరి గంతేశాను. అన్నీ తెలుసు నాకిప్పుడు! నీలాలే పాతిక తెప్పించాను. ఒక్క ఫ్యూజు పోతే చాలు!

జూలై 17, గురువారం. ఉదయం 7.45

దీక్ష మళ్ళీ మొదలు. మొదటి రోజు!

పొద్దున్నే కారు మొత్తం పరీక్షించాను. హెడ్‌లైట్లు వెలిగాయి. వైపర్లు తిరిగాయి. నాలుగు అద్దాలూ దిగాయి, ఎక్కాయి. పాటలు వచ్చాయి. సందేహం వచ్చి రసూల్ భాయ్‌కి ఫోన్ చేసి, మామూలుగా ఫ్యూజులు ఎన్నాళ్ళకోసారి పోతాయని అడిగాను. ఫోన్ చేస్తే గడప తొక్కినట్టు కాదు.

"మంచిగ చూసుకుంటే ఏండ్లకేండ్లు పోవు సాబ్," అన్నాడు. "మేడమ్ నడుపుతున్నదట గదా? ఇగ అసలే పోవు."

బయట సుజన నా కోసం హారన్ కొడుతోంది. దరిద్రం, అది కూడా బ్రహ్మాండంగా మోగుతోంది.