చేపలకు రెండు గంటల క్వారంటైన్

ఏమండీ, మీటింగ్ అవగానే మామయ్యగారికి పదకొండింటి మాత్ర ఇవ్వండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. చేపల బండి వచ్చింది, నేను గేటు దగ్గర ఉంటాను.

నిన్న బండివాడు ఫోటో పంపినప్పుడు చందువ చేపల మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. కరోనా రూలని వాటిని గేటు బల్ల మీద రెండు గంటలు ఎండలో ఉంచారు. నా చేతికి వచ్చేసరికి వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. పారేశాను. సెక్యూరిటీ పోచయ్యను అడిగితే, "నన్నేం జెయ్యమంటరమ్మా? ఆ రూలు కాయితం మీద సంతకం మన సార్‌దే గద!" అని నవ్వాడు. అసోసియేషన్ సెక్రటరీ మీరేనని నేనే మరిచిపోయాను.

జ్వరం తగ్గిన ఈ పదిహేను రోజుల్లో మామయ్యగారు నోరు తెరిచి అడిగింది చేపల పులుసొక్కటే. నిన్న లేదని చెబితే "పర్లేదులేమ్మా" అని రెండు ముద్దలు మజ్జిగన్నం తిని లేచారు. ఇవాళ మళ్ళీ ఆ మాట అనిపించుకోలేను. ఫ్రిజ్‌లోని ఐసంతా పట్టుకెళ్తున్నాను, బల్ల పక్కనే కూర్చుంటాను.

ఈ ఎండకు ఐసు గంట కూడా ఆగదు. పెన్ను తీసుకుని కిందికి రండి.