గంగమ్మ ప్రసాదం

బావా,

మీ బోటు వేట మీదుంది, ఫోను కలవట్లేదు. అందుకే గుజరాత్‌లో మీ వేరావల్ రేవుకి వస్తన్న సోములు సేతికి ఈ ఉత్తరం ఇస్తన్నాను. ఒడ్డుకొచ్చాక ఒక దగ్గర కూకొని సదువు.

కొవ్వు మాంసం తిన్నప్పుడల్లా అక్కకి కుడి డొక్కలో పోటు, వాంతులు వచ్చేవి కదా. నువ్వు క్షేమంగా రావాలని మొక్కిన మేకని ఇంకా ఇయ్యలేదని గంగమ్మకి కోపమొచ్చిందనుకున్నాం. పోయిన ఆదివారం మేకని కోసినాం. అక్కకి తినాలని లేదు. కానీ నువ్వు సముద్రం మీదున్నప్పుడు ప్రసాదం వద్దంటే నీకే కీడని, కొవ్వు ముక్కలు కూడా తినీసింది. సాయంత్రానికి మెలికలు తిరిగిపోయింది.

శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరమ్మ పిత్తాశయంలో రాళ్లన్నాది. ఒక రాయి జారి గొట్టానికి అడ్డం పడి, లోపలంతా వాచి సీము పట్టిందట. "ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదమ్మా? ముందే ఆపరేషన్ చేసుంటే ఇంతవరకు వచ్చేది కాదు" అన్నాది.

నిన్న పొద్దున్న అక్క మనల్ని వదిలీసి ఎల్లిపోయింది బావా. నీ కడసూపు కోసం శవాన్ని ఆపాలనుకున్నాం, ఆపలేకపోయాం.

అమ్మోరిని ఏటీ అనకు. మమ్మల్ని తిట్టు.

ఆస్పత్రిలో నా సెయ్యి పట్టుకుని అక్క ఒకటే మాటన్నాది. "ముక్క మిగల్చకుండా తిన్నానే. మీ బావకింక ఏటీ అవ్వదు."

నీ మరదలు