మాడు మీద నూనె

కోదాడ

అత్తమ్మా,

ఫోన్‌లో చెబితే మాట దాటేస్తారని రాస్తున్నాను.

నిన్న మీ కొడుకు నేరేడుచర్ల నుంచి తెచ్చిన తమలపాకుల పొట్లంలో మీ క్యాల్షియం గోలీలు దొరికాయి. విరిగిన మీ చేతికి మిర్యాలగూడ డాక్టరు రాసినవి. "బాలింతకు సున్నం కావాలె. గీ ముసలి బొక్కలకెందుకు?" అని మీరే ఆయనతో అన్నారట.

మధ్యాహ్నం పాప పాలు తాగుతుంటే నాకు కునుకు పట్టింది. కాలేజీలో నేను చెప్పే ఎముకల పాఠమే కలలోకి వచ్చింది. ఎముక రాయి కాదత్తమ్మా, బతికే ఉంటుంది. లోపల కొన్ని కణాలు పాత గోడను గోకుతుంటాయి. కొన్ని మెత్తటి కొత్త పొర పరుస్తాయి. ఆ పొరలో సున్నం చేరి మెల్లమెల్లగా గట్టిపడుతుంది. కలలో ఆ సున్నం మీ మణికట్టు నుంచి వెన్నెలలా రాలుతూ, కడుపులో ఉన్న మీ కొడుకు కాళ్లలోకి చేరుతోంది. ఆయన్ని మోసినప్పుడు మీకు గోలీలు ఎవరిచ్చారు?

మెలకువ వచ్చేసరికి నా అరచేయి పాప మాడు మీద ఉంది. ఎముక ఇంకా కలవని ఆ చోటు చేతికింద మెత్తగా కొట్టుకుంటోంది.

తమలపాకులు ఉంచుకున్నాను. గోలీలు మీ కొడుకుతోనే తిప్పి పంపుతున్నాను. నాకు నావి ఉన్నాయి.

మూడో నెలలో పాపను తీసుకొస్తాను. అప్పటికింకా మాడు పూడదు. దాని మీద నూనె మీరే పెట్టాలి, ఆ విరిగిన చేత్తోనే. గోలీలు వేసుకున్నారో లేదో నేనడగను. నూనె గిన్నె ఎత్తేటప్పుడు ఆ చేయే చెబుతుంది.

మీ కోడలు