నాకు రాని నొప్పి

తమ్ముడూ,

నిన్ను తీసుకుపోయిన సిక్లిన్ జబ్బు, అదే ఆ సికిల్‌సెల్, నాకూ ఉందట. ఇవాళ పొద్దున్నే తెలిసింది.

బళ్లో మా పాపకు రక్తపరీక్ష చేసి, తల్లిని కూడా రమ్మన్నారు. నా రిపోర్టు చూసి శాంపిల్ మారిపోయిందనుకున్నాను. మళ్లీ తీయించాను. అదే వచ్చింది.

"నాకు ఒక్కరోజూ నొప్పి రాలేదు మేడమ్" అన్నాను.

డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. ఎముక మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయట. మనం కడుపులో ఉన్నప్పుడు వాటిలో పనిచేసి మంచి రక్తాన్నిచ్చే ఒక జన్యువు, పుట్టాక మూతపడుతుందట. నీలో అది మూతపడి, జబ్బు జన్యువు పని మొదలెట్టింది.

"ఆప్‌కా పూరా బంద్ హీ నహీ హువా, దీదీ" అంది. నాలో అది ఇప్పటికీ పూర్తిగా మూతపడలేదు. నన్ను కాపాడింది అదేనట.

అమ్మతో చెప్పాను. కూర తరుగుతున్న చెయ్యి ఆగింది.

"ఆడికి జబ్బని తేలిన్నాడే నీకూ చేయించాల్సింది. గట్టిపిల్లవని ఒగ్గేశాం" అంది.

మన గుఢియారీ పేటలో రైలుపట్టాల మీది వంతెన గుర్తుందా? బడికి ఆలస్యమవుతుంటే నువ్వు మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయావు. "నాటకాలాడకురా. నాకు రాని నొప్పి నీకెందుకొస్తుంది?" అని రెక్క పట్టుకుని పైదాకా లాక్కెళ్లాను. ఆ వారమే ఆస్పత్రిలో నీ జబ్బు పేరు తెలిసింది. నువ్వు ఇంటికి రాలేదు.

సాయంత్రం ఆ వంతెన దగ్గరికి వెళ్లాను. ఎక్కడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కాను. నా మోకాళ్లు నొప్పెట్టలేదురా.

అక్క