పోశం కాక సంచిలో అడాప్టర్

పోశం కాకకు నమస్కారాలు.

మీ ఫోన్ కలవడం లేదు. అందుకే మా లైబ్రరీకి వచ్చే దీప వాళ్ల నాన్న బెల్లంపల్లి వస్తుంటే ఆయన చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నిన్న మీరు మా లైబ్రరీకి వచ్చి, టిఫిన్ డబ్బా అంత ఉన్న ఆ చిన్న కంప్యూటర్‌ను విప్పారు. పిడికెడు బొగ్గు దుమ్ము దులిపి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ బిగించారు, ర్యామ్ పెంచారు. చాయ్ మరిగేంతసేపు సతాయించేది చిటికెలో తెరుచుకుంది. ముప్పై ఏళ్లు గనిలో పెద్ద మోటార్లు విప్పిన చేతులకు ఇంత సున్నితత్వం ఎక్కడిది కాకా!

ఒక్కటే పొరపాటు జరిగింది. చివర్లో ఫ్యాన్ సరిచేయడానికి మళ్లీ మూత తీస్తూ, అడాప్టర్ ఊడదీసి మీ సంచిలో వేసుకున్నారు. అది మీతోపాటే బస్సెక్కింది.

ఉద్యోగ దరఖాస్తులకు ఎల్లుండే ఆఖరు. అలాంటి అడాప్టరే ఒకటి దొరికితే తెచ్చాను. మా పిల్లలు పెట్టనివ్వలేదు.

"కరెంటు తీసినోడే మళ్ల పెట్టాలె అన్నడు గద కాక!" అంది దీప.

ఎందుకని నిన్న పిల్లలు అడిగితే, "గనిల నేను మిషన్ల చెయ్యి పెట్టినప్పుడు ఇంకోడు స్విచ్ ఏసిండు బిడ్డా" అని మీరు ఒక్క మాటే చెప్పారట. అది చెబుతున్నంతసేపూ ఎడమ చేతిని జేబులోంచి తీయలేదట. అయినా స్క్రూలు బిగించేటప్పుడు ఆ చేతికి మిగిలిన మూడు వేళ్లను వాళ్లు చూశారు.

రేపు మొదటి బస్సుకే రండి. అప్పటిదాకా ఆ కంప్యూటర్ స్విచ్ దగ్గరికి దీప నన్ను కూడా రానివ్వదు.

మీ లైబ్రరీ టీచరమ్మ